ఎలీషమ్మా, ఎలీసబెతమ్మా? ఒక పేరు పుట్టుక వెతికే పద్ధతి

మా నాయనమ్మ పోయిన నెలకి తమ్ముడు వాట్సాప్‌లో ఒక మాట అడిగాడు. "అక్కా, సమాధి మీద పేరు ఏమని చెక్కించమంటావు?"

రేషన్ కార్డులో ఎలీషమ్మ. ఓటరు కార్డులో యలిసమ్మ. ఊళ్లో వాళ్ల నోట ఎలీసమ్మ. పింఛను కాగితంలో ఎవరో గుమస్తా పుణ్యమా అని ఏలేశమ్మ. దాన్ని దిద్దించుకోవడానికి ఆవిడ ఎండలో మూడుసార్లు తిరిగి, చివరికి "పోనీలే, నా పేరు దేవుడికి తెలుసు" అని వదిలేసింది. రాయి చెక్కే ఆయన మాత్రం వదిలే రకం కాదు. అక్షరం ఒకసారి పడ్డాక చెరపడం కుదరదు, ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చాకే రండి అన్నాడట.

నేనుండేది జర్మనీలో. హెస్సే రాష్ట్రంలో ఒక చిన్న ఊరు, అక్కడి ఓల్డేజ్ హోమ్‌లో నర్సుని. తమ్ముడికి జవాబు చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు, నాయనమ్మ పేరు నా చుట్టూనే, నేను రోజూ మందులిచ్చే గదుల్లోనే తిరుగుతోందని తెలుసుకోవడానికే సరిపోయాయి. ఆ తిరుగుడులో వేసిన తప్పటడుగులు, చివరికి పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఒక మార్గరెట్టో, కేథరినో, సూసన్నో ఉంటే ఇదే దారిలో వెతుక్కోవచ్చు. నేను నడిచింది ఎలిజబెత్ దారి కాబట్టి ఉదాహరణలన్నీ దానివే.

ముందు పాత కాగితం, తర్వాతే ఫోను

పేరు గురించి తెలుసుకోవాలనగానే మనం ఫోన్ తీసి "ఫలానా పేరుకి అర్థం" అని కొడతాం. ఒక్క లైను వస్తుంది, అక్కడితో అయిపోతుంది. నేనూ అదే చేశాను. ఎలీషమ్మ అంటే ఎలీషా ప్రవక్త పేరే కదా అనుకున్నాను. ఏలీయా శిష్యుడు ఎలీషా. "నా దేవుడే రక్షణ" అని అర్థం. బాగానే కుదిరింది. తమ్ముడికి చెప్పేశాను కూడా. వాడు రాయి ఆయనకి అడ్వాన్సు ఇవ్వబోయేంతలో బాబాయి అడ్డం పడ్డాడు. "మా అమ్మకి బాప్తిస్మం ఇచ్చిన పుస్తకం చర్చిలో ఉంటుంది, అది చూడకుండా మీరు తేల్చేదేంటి" అన్నాడు.

మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టంట్లలో ఒక శాఖ. 1842లో హేయర్ అనే మిషనరీ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం అది. బాబాయి పాస్టరు గారిని బతిమాలి బీరువా తీయించి, ఆ పేజీ ఫొటో పంపాడు. నల్ల సిరా గోధుమ రంగుకి తిరిగింది. కానీ అక్షరాలు తప్పు లేకుండా ఉన్నాయి: ఎలీసబెతు.

ఎలీషా ఆవిడకి ఏమీ కాడు. ఎలీసబెతు పలకడం కష్టమై జనం చివర "బెతు" మింగేశారు, "అమ్మ" తగిలించారు, ఎలీసమ్మ అయింది. కార్డులు రాసేవాడికి ఎలీషా తెలుసు గనక "స" ని "ష" చేశాడు.

కాబట్టి మొదటి పని, ఆ పేరు దొరికిన ప్రతి కాగితం ఫొటో తీసి, పాతదాని నుంచి కొత్తదాని వరకు వరసగా పెట్టుకోండి. కొత్త కార్డులు చెవితో విని రాసినవి. పాత పుస్తకం పేరు పెట్టినవాళ్లు రాసింది. యూరప్‌లోనూ ఇంతే. అక్కడి కేథలిక్ చర్చిల్లో బాప్తిస్మపు పుస్తకాలు చాలాకాలం లాటిన్‌లోనే రాశారు. ఇంట్లో ఏ పేరుతో పిలిచినా పుస్తకంలో "ఎలిసబేత" అనే ఉంటుంది. అసలు పేరు ఏదో అక్కడ తేలిపోతుంది. ఇంట్లో ఏమని పిలిచేవారో మాత్రం తేలదు, దానికి ఉత్తరాలు, సమాధి రాళ్లు చూసుకోవాలి.

తోకలు కోయండి

మా హోమ్‌లో ఉతికిన బట్టలు ఎవరివి వాళ్లకి చేరాలని కాలరు లోపల చిన్న పట్టీ మీద పేరు కుట్టి ఉంటుంది. రాత్రి డ్యూటీలో పని తగ్గితే ఆ బట్టలు సర్దుతుంటాను. ఒక రాత్రి వరసగా చేతికొచ్చిన పట్టీలు ఇవి: ఎల్జె, ఇల్జె, లీజల్, లీస్‌బెట్, ఎలీజాబెట్, బెట్టీనా. రోజూ చూసేవే. ఆ రోజు మాత్రం నాయనమ్మ పేజీ ఫొటో కళ్ల ముందుండటం వల్ల చేతులు ఆగిపోయాయి. ఆరుగురు ఆడవాళ్లు, ఆరు స్వెట్టర్లు, పేరు ఒకటే.

మనకిది కొత్తేం కాదు. రాజేశ్వరిని ఒకింట్లో రాజీ అంటారు, ఇంకొకింట్లో ఈశ్వరి అంటారు. తల ఉంచుకుని తోక కోస్తే రాజీ, తల కోసి తోక ఉంచుకుంటే ఈశ్వరి. ఎలిసబెత్‌నీ అలాగే కోశారు. ముందు భాగం ఉంచుకుంటే ఎల్సా, ఎల్జె, ఇల్జె, ఎలీజ్. మధ్యది ఉంచుకుంటే లీసా, లీజె. చివరిది ఉంచుకుంటే బెత్, బెట్టీ, బెట్సీ, బెస్. మొదటి అక్షరం ఒక్కటే వదిలేస్తే లీస్‌బెట్. స్కాట్లండ్‌లో మధ్య అక్షరాలు నలిగి ఎల్‌స్పెత్ అయింది. దాని ముద్దు పేరు ఎల్సీ.

కోసిన ముక్కకి మళ్లీ ముద్దు తోక అతికిస్తారు. ఆ తోకని గుర్తుపట్టడం రెండో పని, ఎందుకంటే ఏ దేశం తోక ఆ దేశానిదే. మన "అమ్మ", "లు" లాగ. జర్మన్‌లో ఎల్, హెన్: లీజల్, లీజ్‌హెన్. ఇటాలియన్‌లో ఇనా, ఎత్తా. ఫ్రెంచ్‌లో ఎత్: బాబెత్ అనేది ఎలిజబెత్ ముద్దు పేరే. చెక్ భాషలో ష్కా: ఎలిష్కా. తోక తీసి పక్కన పెడితే మిగిలినదే మీ పట్టుకొమ్మ. బెట్టీనా తీసుకోండి. "ఈనా" పోతే బెట్ట మిగిలింది, వెనక ఎలిజబెత్ కనిపిస్తోంది. బెట్టీనా ఫాన్ ఆర్నిమ్ అని జర్మన్ రచయిత్రి ఉండేది, 1785లో పుట్టింది. పుట్టుకతో ఆవిడ పేరు ఎలిజబెత్తే. ఫిజిక్స్ చదివినవాళ్లకి తెలిసిన లీజె మైట్నర్, 1878లో వియన్నాలో పుట్టినప్పుడు ఎలీజె.

ఇక్కడ నాకు ఒక అక్షింత పడింది, మీకు పడకూడదని చెబుతున్నాను. ఈ తెలివి వచ్చిన ఉత్సాహంలో ఇల్జె అనే పెద్దావిడతో "మీ అసలు పేరు ఎలీజాబెట్ కదా" అన్నాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి నన్ను కిందా పైనా చూసింది. "నా అసలు పేరు ఇల్జె. మా నాన్న ఇల్జె అని రాయించాడు. ఎలీజాబెట్ ఎవరో నాకు తెలియదు" అంది. ఆవిడ మాటే నిజం. 1920ల్లో జర్మనీలో ఇల్జె చాలా వాడుకలో ఉన్న పేరు. అప్పటికే అది ముద్దు పేరు కాదు, నిండు పేరు. పేరు పుట్టుక వేరు, ఎదురుగా ఉన్న మనిషి పేరు వేరు.

దీనికి సరిగ్గా ఎదురుది కూడా చూశాను. ఇంకో ఆవిడ ఫైల్లో ఎలీజాబెట్ అనే ఉంది. మతిమరుపు బాగా ముదిరింది. ఫ్రావ్, అంటే శ్రీమతి, అని ఇంటిపేరు కలిపి పిలవడం ఇక్కడి మర్యాద. అలా పిలిస్తే ఆవిడకి కాదన్నట్టు గోడ చూసేది. స్పూన్ నోటి దగ్గర పెడితే పళ్లు బిగించేది. ఒక ఆదివారం కూతురు వచ్చి, తల్లి చెవి దగ్గర "లీజల్" అంది. ఆవిడ మెడ తిరిగింది. చిన్నప్పుడు వాళ్లమ్మ అలా పిలిచేదట. కూతుర్ని అడిగి నేనూ అప్పట్నుంచి సూప్ తినిపించేటప్పుడు ఆ పేరుతోనే పిలిచేదాన్ని. నోరు తెరిచేది. అందుకే ముసలివాళ్లని అడిగేటప్పుడు "మీ పేరేంటి" అని ఆగిపోకండి. "మీ అమ్మ ఏమని పిలిచేది" అని కూడా అడగండి. కాగితంలో లేని రూపం అక్కడ దొరుకుతుంది.

హల్లుల్ని పట్టుకుని నడవండి

అసలు పని ఇక్కడుంది. ఒక తెల్లకాగితం తీసుకుని పేరులో అచ్చులు వదిలేసి హల్లులు మాత్రం రాయండి. ఎలిసబెత్‌లో ల, స, బ, త. దేశం మారగానే అచ్చులు గోలీకాయల్లా దొర్లిపోతాయి, వాటి వెంట పడితే మతి పోతుంది. హల్లులు ఊరికే మారవు. మారాయంటే ఒక కారణం ఉంటుంది, ఆ కారణమే మీకు కావలసిన చరిత్ర. నా కాగితం మీద నాలుగు హల్లులకీ ఒక్కొక్క కథ వచ్చింది.

మొదట "బ". మా హోమ్‌లో వంటగదిలో బల్గేరియా ఆవిడ ఉంది, పేరు ఎలిసావేత. రష్యాలో యెలిజవేత. 1741 నుంచి 1762 దాకా ఏలిన మహారాణి, పీటర్ ది గ్రేట్ చక్రవర్తి కూతురు, ఆ పేరుదే. ఈ "వ" ఎక్కణ్నుంచి వచ్చింది? గ్రీకు నుంచి. గ్రీకుల రెండో అక్షరాన్ని పాతకాలంలో "బ" అని పలికేవారు, తర్వాత శతాబ్దాల్లో అది "వ" గా మారింది. ఇవాళ్టికీ గ్రీసులో ఎలిసావెత్ అనే అంటారు. బల్గేరియా, సెర్బియా, రష్యా క్రైస్తవాన్ని గ్రీకు చర్చి నుంచి, ఆ "వ" వచ్చేశాక తీసుకున్నాయి. పడమటి దేశాలు లాటిన్ బైబిల్ నుంచి తీసుకున్నాయి, అందులో "బ" అలాగే ఉండిపోయింది. అంటే పేరులో "వ" వినిపిస్తే ఆ దారి గ్రీకు చర్చికి కేంద్రమైన కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) మీదుగా వచ్చింది, "బ" వినిపిస్తే రోమ్ మీదుగా వచ్చింది. మా వంటగదిలో కూరలు తరిగే ఆవిడ పేరులో వెయ్యేళ్ల చర్చి సరిహద్దు ఉందంటే ఆవిడే నమ్మలేదు. రొమేనియాలో మాత్రం ఈ లెక్క తప్పుతుంది, అక్కడ ఎలిసబేత, ఎలిసవేత రెండూ ఉన్నాయి. గ్రీకు దారిలో వచ్చిన ఆర్థడాక్స్ చర్చి, లాటిన్ నుంచి పుట్టిన భాష, రెండూ ఉన్న దేశం మరి.

ఈ "వ" ఒకసారి ఎక్కడో ఉత్తరాన తేలింది. కీవ్ రాజు యారొస్లావ్ కూతురు ఎలిసవేతని నార్వే రాజు హారాల్డ్ పెళ్లి చేసుకున్నాడు. 1066లో ఇంగ్లండ్ మీదికి వెళ్లి యుద్ధంలో చనిపోయిన హారాల్డే. నార్వే పాత కథల్లో ఆవిడ పేరు ఎల్లిసిఫ్. ఆ చివరి "ఫ్" కీవ్ నుంచి పడవెక్కి వచ్చిన "వ" నే.

తర్వాత "స". నాతోపాటు డ్యూటీ చేసే పోలండ్ నర్సు పేరు బోర్డు మీద ఎల్జ్‌బియెతా. అందరూ పిలిచేది ఎలా. అవును, "ఎలా" నే. మొదటి రోజు చెయ్యి చాపి "ఎలా" అంది. నేను తెలుగులో "బాగానే" అనబోయాను. మా అమ్మకి ఫోన్‌లో "ఈరోజు ఎలాతో డ్యూటీ" అంటే "ఎలాగోలా చెయ్యమ్మా" అంది. ఈ ఎల్జ్‌బియెతాలో "జ్" మన జకారం కాదు. ఇంగ్లీషు "మెజర్" లో వినిపించే జకారం. హంగేరీలో ఎర్జేబెత్, చెక్ దేశంలో అల్జ్‌బ్యెతా, లిథువేనియాలో ఎల్జ్‌బియెతా. అన్నిటిలో అదే శబ్దం. లాటిన్ బైబిల్లో "స" ఉంటే ఈ మధ్య యూరప్ అంతటా ఈ "జ్" ఎందుకు? మధ్యయుగంలో జర్మన్లు పలికే సకారం ఇప్పటిలా పదునుగా ఉండేది కాదు, కాస్త "ష" వైపు వాలి ఉండేదని భాషావేత్తలు చెబుతారు. ఆ నోళ్ల నుంచి విన్న చెక్కులు, పోలండ్ వాళ్లు, హంగేరియన్లు తమకి వినిపించినట్టు రాసుకున్నారు. కాబట్టి ఆ "జ్" ఉంటే పేరు జర్మన్ నోటి మీదుగా వచ్చిందని అర్థం. హంగేరీ వాళ్లు ఇంకో అడుగు వేసి "ల" ని "ర" చేశారు.

మూడోది "త". స్పెయిన్, పోర్చుగల్ వైపు మాటల చివర ఈ "త్" నిలవదు. అక్కడ అది "ల్" అయింది: ఎలిసబెల్. తర్వాత ముందున్న "ఎల్" రాలిపోయింది. స్పానిష్‌లో "ఎల్" అంటే నామవాచకం ముందు పెట్టే చిన్న మాట గనక, అది పేరులో భాగం కాదనుకుని వదిలేశారని ఎక్కువమంది చెప్పే కారణం. మిగిలింది ఇసబెల్. నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తట్టింది ఇదే. ఇసబెల్లా, ఎలిజబెత్ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ల పోలిక కూడా కనిపించదు కదా. కానీ ఫ్రాన్స్ రాజు కూతురు ఎలిసబెత్ స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌ని పెళ్లాడి వెళ్లగానే ఇసబెల్ అయిపోయింది. అంతకు చాలా ముందు, 1385లో జర్మన్ పిల్ల ఎలిసబెత్ ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్‌ని చేసుకుని ఇసబో అయింది. మన కోడళ్లకి అత్తారింట్లో పేరు మార్చినట్టే, కాకపోతే ఇక్కడ మార్చింది పేరు కాదు, యాస.

ఇసబెల్ మళ్లీ ఐర్లండ్ చేరి షిబేల్ అయింది, అక్కడే నేరుగా వచ్చిన ఎలిజబెత్ ఐలీష్ అయింది. ఒకే దేశంలో ఒకే పేరు రెండు తలుపుల్లోంచి వచ్చి, ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా ఉండిపోయింది. ఇంగ్లండ్‌లో ఎలిజబెత్, ఇసబెల్ కూడా అంతే.

నాలుగో హల్లు "ల" గురించి చెప్పడానికి పెద్దగా లేదు. హంగేరీలో "ర" అవడం, ఇసబెల్‌లో మొదటిది రాలిపోవడం తప్ప దాదాపు అంతటా అది చెక్కు చెదరలేదు.

రాణి గారి సాయం

హల్లుల కాగితం చూసి టెన్షన్ పడేవాళ్లకి ఒక దగ్గరి దారి ఉంది. యూరప్ భాషల్లో చాలావాటికి రాజులు, రాణుల పేర్లని తమ భాషలోకి మార్చుకునే అలవాటుంది. వికీపీడియాలో బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ పేజీ తెరిచి, భాషల జాబితాలో ఒక్కొక్కటీ నొక్కి పైన పేరు మాత్రం చూడండి. స్పానిష్‌లో ఇసబెల్, ఇటాలియన్‌లో ఎలిసబెత్తా, చెక్‌లో అల్జ్‌బ్యెతా, హంగేరియన్‌లో ఎర్జేబెత్, రష్యన్‌లో యెలిజవేత, స్కాట్లండ్ గేలిక్‌లో యలసచ్‌కి దగ్గరగా పలికేది. పావుగంటలో పటం చేతికొస్తుంది. మీరు వెతికే పేరుతో ఒక రాణో, బైబిల్ స్త్రీయో, సెయింటో ఉంటే చాలు, ఈ చిట్కా పనిచేస్తుంది. కేథరిన్‌కి రష్యా మహారాణి ఉంది, మార్గరెట్‌కి డెన్మార్క్ రాణి ఉంది.

ఎవరు మోశారో కనుక్కోండి

పేరు తనంతట తాను నడవదు. ఎవరో ఒకరు మొయ్యాలి. దీన్ని పట్టుకోవడానికి గోడ మీది క్యాలెండర్ చాలు. యూరప్‌లో చాలా దేశాల క్యాలెండర్లలో ప్రతి తేదీ కింద ఒక పేరుంటుంది. ఆ రోజు ఆ పేరున్నవాళ్లకి పండగ. మా స్టాఫ్ రూమ్‌లో జర్మన్ క్యాలెండర్ ఉంది, నవంబర్ 19న ఎలీజాబెట్. ఎలాని అడిగితే పోలండ్‌లోనూ నవంబర్ 19నే కేకు కోస్తామంది. హంగేరీ, చెక్, స్వీడన్, ఫిన్లండ్ చూశాను. ఫిన్లండ్ లీసాతో సహా అందరికీ అదే రోజు. అదే ఆర్థడాక్స్ క్యాలెండర్లో సెప్టెంబర్ 5. ఎందుకు రెండు? సెప్టెంబర్ 5 బైబిల్లో ఎలీసబెతుది, బాప్తిస్మమిచ్చే యోహాను తల్లిది. నవంబర్ 19 ఇంకో ఎలిసబెత్‌ది. అంటే పోలండ్, ఫిన్లండ్ అమ్మాయిల పేర్ల వెనక ఉన్నది లూకా సువార్తలో ముసలమ్మ ఒక్కతే కాదు. ఇంకెవరో కూడా ఉన్నారు.

ఆవిడ మాకు బస్సు దూరంలోనే ఉంది. హంగేరీ రాజు రెండో ఆండ్రూ కూతురు, 1207లో పుట్టింది. నాలుగేళ్లప్పుడే పెళ్లి మాట అనుకుని జర్మనీలో ఠూరింగెన్‌కి పంపేశారు. 14 ఏళ్లకి అక్కడి ప్రభువు లుడ్విగ్‌తో పెళ్లి. 1227లో క్రూసేడ్‌కి, అంటే యెరూషలేం కోసం చేసే మతయుద్ధానికి, బయల్దేరిన భర్త దారిలోనే జబ్బుచేసి పోయాడు. ఆవిడ మార్బుర్గ్ వచ్చి, బీదవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించి, తనే రోగుల్ని కడిగి పక్కలు మార్చేది. 1231లో చనిపోయింది, 24 ఏళ్లకి. నాలుగేళ్లు తిరక్కముందే, 1235లో, పోప్ ఆవిడని సెయింట్‌గా ప్రకటించాడు. అదే ఏడాది సమాధి మీద చర్చి కట్టడం మొదలుపెట్టారు. జనం విరగబడి వచ్చారు. వచ్చినవాళ్లు ఇళ్లకెళ్లి కూతుళ్లకి ఆ పేరు పెట్టుకున్నారు. జర్మనీలో ఇవాళ్టికీ ఎన్ని ఆసుపత్రులకి ఆవిడ పేరుందో లెక్కలేదు.

సెలవురోజు మార్బుర్గ్ వెళ్లాను. రెండు కోసు గోపురాలు, లోపల చలి. ఆవిడ ఎముకలు ఉంచిన బంగారు పేటిక ఉంది కానీ ఎముకలు లేవు. 1539లో ఆవిడ వంశంవాడే అయిన ఫిలిప్ అనే ప్రభువు, లూథర్ పక్షం చేరాక, జనం ఎముకలకి మొక్కకూడదని తీయించేశాడు. ఇప్పుడది ప్రొటెస్టంట్ చర్చి. లూథరన్ ఇంటి పిల్లని, పక్కలు మార్చే ఉద్యోగం నాది, నాయనమ్మ పేరు ఆవిడ పేరు. కాసేపు బల్ల మీద కూర్చుని వచ్చాను.

ఆ ఒక్క మనిషి నుంచి పేరు ఎంత దూరం పోయిందో చూడండి. ఆవిడ చెల్లెలు, వేరే తల్లి బిడ్డ, స్పెయిన్ వైపు ఆరగాన్ రాజుని చేసుకుంది. ఆ చెల్లెలి మనవరాలికి ఈవిడ పేరే పెట్టారు. ఆ పిల్ల పోర్చుగల్ రాణి అయింది, తనూ సెయింట్ అయింది. అక్కడ ఆవిడ "ఇసబెల్". పండగ జూలై 4. హంగేరీ ఎర్జేబెత్, జర్మనీ ఎలీజాబెట్, పోర్చుగల్ ఇసబెల్ ఒక్క కుటుంబంలో మూడు తరాల్లో తయారయ్యాయి.

పోలిక చూసి మోసపోకండి

చుట్టరికం లేని పేర్లు కొన్ని వరసలు కలుపుకుంటాయి. ఎలీషాతో నేను తిన్న దెబ్బ చెప్పాను. ఆలిస్ చూస్తే ఎలీజ్ అక్కలా ఉంటుంది. నిజానికి అది ఆడెల్‌హైడ్ అనే జర్మన్ పేరు ఫ్రాన్స్‌లో అరిగిపోతే వచ్చింది. ఎల్లాకి వేరే పాత జర్మన్ వేరుంది. బైబిల్లో యెజెబెలు పేరుని ఇంగ్లీషులో చూస్తే ఇసబెల్‌కి కవల అనిపిస్తుంది, ఏ సంబంధమూ లేదు, పాపం ఇసబెల్‌లు. లిల్లీ మరీ చిక్కు: కొందరికి పువ్వు పేరు, కొందరికి ఎలిజబెత్ ముద్దు పేరు. అనుమానం వస్తే నాలుగు హల్లుల కాగితం తీయండి. మారిన హల్లుకి కారణం చెప్పగలిగితే చుట్టం, చెప్పలేకపోతే ఇరుగుపొరుగు.

అర్థం ఆఖర్న

ఇప్పుడు అడగండి అర్థం. దీనికి నేను యూరప్ పుస్తకాలేవీ తెరవలేదు, నాయనమ్మ తెలుగు బైబిలే తెరిచాను. లూకా 1:5లో జెకర్యా భార్య ఎలీసబెతు. నిర్గమకాండము 6:23లో అహరోను భార్య ఎలీషెబ. రెండూ ఒకే పేరు! పాత నిబంధన హెబ్రీ భాషది, అందుకని అక్కడ "ష" ఉంది, చివర "త" లేదు. కొత్త నిబంధన గ్రీకుది, గ్రీకులో "ష" శబ్దమే లేదు, అది "స" అయింది. చివర "త" కూడా వచ్చి చేరింది. క్రీస్తుకి ముందు 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో యూదులు ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి మార్చుకున్నప్పుడే ఈ మార్పు జరిగిపోయింది. ఆ దారి మొదలూ, మొదటి మలుపూ రెండూ మా ఇంట్లో అట్ట చిరిగిన పుస్తకంలోనే ఉన్నాయి. దానికోసం నేను మార్బుర్గ్ దాకా తిరిగాను.

ఎలి అంటే నా దేవుడు. షెబ అనే మాటకి ఏడు అని, ప్రమాణం అని రెండు అర్థాలు చెబుతారు. హెబ్రీలో ఆ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. ఆదికాండము 21లో అబ్రాహాము ఏడు ఆడ గొర్రెపిల్లల్ని పక్కన నిలబెట్టి బావి గురించి ప్రమాణం చేసుకున్న చోటు పేరు బెయేర్షెబా. మనకి ఏడడుగులు, వాళ్లకి ఏడు గొర్రెపిల్లలు. అందుకే కొందరు "నా దేవుడే ప్రమాణం" అంటారు, కొందరు "నా దేవుడు పరిపూర్ణుడు" అంటారు, ఏడు నిండు సంఖ్య గనక. నాకు మొదటిదే నచ్చింది.

బాస్కుల భాషలో ఈ పేరుని ఎలిషబేతె అంటారు. అలెగ్జాండ్రియాలో పోయిన "ష" స్పెయిన్ కొండల్లో మళ్లీ ప్రత్యక్షమైంది, దానికీ దీనికీ ఏ సంబంధం లేకుండా. మా ఊరి కార్డు గుమస్తా చేసింది కూడా అదే అని తమ్ముడితో అంటే, "అయితే ఆయన రాసింది కరెక్టేనా అక్కా?" అన్నాడు.

రాయి మీద ఎలీసబెతమ్మ అని చెక్కించమని చెప్పాను. పది రోజులకి ఫొటో వచ్చింది. పెద్ద అక్షరాల్లో ఎలీసబెతమ్మ. దాని కింద, నేను చెప్పనిది, సగం సైజులో ఎలీషమ్మ. ఇదేంట్రా అంటే వాడు తడుముకోలేదు. "ఎలీసబెతమ్మ అంటే ఊళ్లో ఎవరికీ తెలీదక్కా. ఎవరో కొత్త మనిషిని పెట్టారనుకుంటారు."